పొమోనా దగ్గరి చిన్న వర్క్‌షాప్‌లో పాత హాట్ రాడ్ మరమ్మతు: ఒక యజమాని సమీక్ష

దక్షిణ కాలిఫోర్నియాలోని పొమోనా పట్టణానికి దగ్గరలో, గోదాముల వరుస చివర ఉన్న ఒక చిన్న వర్క్‌షాప్‌లో నా పాత హాట్ రాడ్‌కు పూర్తి మరమ్మతు చేయించుకున్నాను. ఇలాంటి బండి కొనాలనుకుంటున్న తెలుగు మిత్రులు కొందరు ఆ పని ఎలా జరిగిందని, డబ్బుకు తగ్గ ఫలితం వచ్చిందా అని అడుగుతున్నందువల్ల వివరంగా రాస్తున్నాను. వర్క్‌షాప్ పేరు రాయవద్దని యజమాని కోరారు. ఆయన, ఇంజను పనిలో ఆరితేరిన ఆయన కూతురు, రేకుపని చేసే ఒక నిపుణుడు, ఈ ముగ్గురితో నడిచే షెడ్డుకు ఇప్పటికే చేతినిండా పని ఉంది. నా అభిప్రాయం ముందే చెబుతాను: పనితనం విషయంలో ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు; గడువు విషయంలో మాత్రం ఓపిక లేనివారు ఆ గడప తొక్కకపోవడమే మేలు.

హాట్ రాడ్ అంటే ఏమిటో పరిచయం లేనివారి కోసం కొంత నేపథ్యం అవసరం. ఫోర్డ్ కంపెనీ 1908 నుంచి 1927 వరకు మోడల్ టీ కార్లను, ఆ తరువాత 1931 వరకు మోడల్ ఏ కార్లను లక్షల సంఖ్యలో తయారుచేసింది. అవి పాతబడి చౌకగా దొరకడం మొదలయ్యాక, కాలిఫోర్నియా కుర్రకారు వాటిని కొని, బరువు తగ్గించడానికి మడ్‌గార్డులు, బంపర్లు పీకేసి, ఇంజన్లకు తమకు తోచిన మార్పులు చేసి, మొజావే ఎడారిలోని మ్యూరాక్, ఎల్ మిరాజ్ వంటి ఎండిపోయిన సరస్సుల నేల మీద వేగంగా నడిపి చూసుకునేవారు. అలా మార్చుకున్న బండ్లే హాట్ రాడ్‌లు. 1932లో ఫోర్డ్ సంస్థ సామాన్యుడు కొనగల ధరకు వీ8 ఇంజను, అంటే వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు అమర్చిన ఇంజను, తేవడంతో ఈ అభిరుచికి కొత్త ఊపు వచ్చింది. 221 ఘనపు అంగుళాల ఆ ఇంజను మొదట ఇచ్చింది 65 హార్స్‌పవరే అయినా, దానిలో ఇంకా ఎంతో బలం దాగి ఉందని ఆ కుర్రవాళ్లు త్వరలోనే గ్రహించారు. ఎడారి పోటీలను ఒక క్రమంలో నడపడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. రెండవ ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల చేతుల్లో ఈ పని మరింత విస్తరించి, 1949 నాటికి యూటా రాష్ట్రంలోని బానవిల్ ఉప్పునేలల దాకా చేరింది.

నా బండి ఆ యుద్ధానంతర కాలానిదే. 1929 నాటి మోడల్ ఏ రోడ్‌స్టర్ (పైకప్పు తెరిచి ఉండే చిన్న కారు) బాడీని 1932 ఫోర్డ్ చట్రం మీద ఎక్కించి, ఫ్లాట్‌హెడ్ వీ8 ఇంజను బిగించి, 1940ల చివర ఎవరో సొంతంగా కట్టుకున్నారు. మడ్‌గార్డులు లేకుండా, బాడీ చట్రం మీదే కూర్చుని ఉండే ఈ రకాన్ని హైబాయ్ అంటారు. 1932 చట్రం పక్కపట్టీల మీద కర్మాగారంలోనే నొక్కిన ఒక సన్నని వంపుగీత ఉంటుంది. బాడీ దానిని కప్పేయకుండా పైన నిలిచినప్పుడు ఆ గీత ముందు నుంచి వెనుక దాకా పారినట్లు కనిపిస్తుంది. మోడల్ ఏ బాడీ కింద 1932 చట్రం కోసం ఆనాటి వారు అంతగా తాపత్రయపడడానికి దాని బలం ఒక కారణమైతే, ఈ గీత అందం మరొక కారణం. నా చేతికి వచ్చేనాటికి ఈ బండి మీద పలు దశాబ్దాల చేతులు పడ్డాయి. ఒకరు ముదురు ఎరుపు రంగు వేయించారు, ఇంకొకరు లోపల రెక్సిన్ మార్చారు, మరొకరు తుప్పు పట్టిన చోట పుట్టీ దట్టించారు.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. కర్మాగారం నుంచి వచ్చిన కారును పునరుద్ధరించేటప్పుడు కొలమానం స్పష్టంగా ఉంటుంది. ఏ మోడల్‌కు ఏ బోల్టు, ఏ రంగు అన్నది కంపెనీ పుస్తకాల్లో దొరుకుతుంది. హాట్ రాడ్‌కు అలాంటి పుస్తకం లేదు. దాన్ని కట్టిన మనిషి చేసిన మార్పులే దాని అసలు రూపం. ఆ మనిషి పేరు కూడా మనకు తెలియనప్పుడు, ఆయన ఏం చేశాడో ఇనుమును చూసే తెలుసుకోవాలి. ఈ సంగతి అర్థం కాని వర్క్‌షాప్ అన్నీ విప్పి, కొత్త భాగాలు బిగించి, అద్దంలా మెరిసే రంగు కొట్టి ఇస్తుంది. చూడడానికి బాగానే ఉంటుంది కానీ, అప్పుడు ఆ బండికి, నిన్న కొత్తగా తయారైన బండికి తేడా మిగలదు. నేను ముందుగా వెళ్లిన ఒక పెద్ద వర్క్‌షాప్‌లో బండిని పది నిమిషాలు చూసి, ప్యాకేజీ ధరల పట్టిక చేతిలో పెట్టారు. ఈ చిన్న షెడ్డులో అడిగిన మొదటి ప్రశ్న మాత్రం, ఈ బండిని ఏ కాలానికి తీసుకెళ్లాలనుకుంటున్నారు అని.

ఆ ప్రశ్నకు జవాబు వెతికిన తీరు గురించి కొంచెం ఆగి చెప్పాలి. డ్యాష్‌బోర్డు అడుగున, ఎవరి కంటా పడని చోట, రేకుపని నిపుణుడు సన్నటి ఉప్పుకాగితాన్ని తడిపి ఒకే బిందువు చుట్టూ మెల్లగా రుద్దాడు. రూపాయి బిళ్లంత మేర రంగు అరిగేసరికి పొరలన్నీ వలయాలుగా బయటపడ్డాయి: పైన ముదురు ఎరుపు, దాని కింద బూడిదరంగు ప్రైమరు, దాని కింద నల్లని లక్క రంగు, ఆ నలుపు కింద మళ్లీ ప్రైమరు, అట్టడుగున ఫోర్డ్ కర్మాగారపు రంగు. తలుపు లోపలి అంచున, ఇంజనుకూ లోపలి సీట్లకూ మధ్య ఉండే ఫైర్‌వాల్ అనే అడ్డురేకు మూలన కూడా ఇలాగే చూసి, అన్నిచోట్లా అదే వరుస కనిపించాక, హాట్ రాడ్‌గా మారినప్పుడు ఈ బండి నల్లగా ఉండేదని తేల్చారు. ఫైర్‌వాల్ మీద పూడ్చిన రంధ్రాల అమరికను బట్టి మొదట ఏ పరికరాలు ఎక్కడ బిగించి ఉండేవో పెన్సిలుతో గీసి చూపించారు. చట్రం పక్కపట్టీ పైభాగాన్ని శుభ్రం చేసినప్పుడు 18తో మొదలయ్యే నంబరు బయటపడింది. 1932 వీ8 ఫోర్డులకు నంబరు అలాగే మొదలవుతుంది. అది నా దగ్గరున్న యాజమాన్య పత్రంతో అక్షరాలా సరిపోయింది. పాత బండ్లు కొనేవారు డబ్బు చేతులు మారకముందే ఈ నంబరు చూసుకోవడం చాలా అవసరం, ఎందుకంటే పత్రానికి, చట్రానికి పొంతన లేని బండిని తరువాత రిజిస్టరు చేయించుకోవడం పెద్ద తలనొప్పి.

ఇంజను పని ఈ వర్క్‌షాప్ బలం. ఫ్లాట్‌హెడ్ వీ8లో వాల్వులు సిలిండర్ల పక్కన, బ్లాకులోనే, అంటే ఇంజను పోత ఇనుప దిమ్మలోనే ఉంటాయి. కాలిన వాయువు బయటికి పోవాలంటే బ్లాకు లోపలి దారుల గుండా, చుట్టూ ఉన్న నీటికి తన వేడినంతా ఇచ్చుకుంటూ పోవాలి. పైగా ఒక్కో వైపు సిలిండర్లు నాలుగు ఉంటే బయటికి దారులు మూడే. నడుమ ఉన్న రెండు సిలిండర్లూ ఒకే దారిని పంచుకుంటాయి. ఈ ఇంజన్లు వేడెక్కుతాయన్న చెడ్డపేరుకు మూలం ఇదే. ఏళ్ల తరబడి ఆ వేడికి వాల్వు సీటుకు, సిలిండరుకు మధ్య ఉన్న సన్నని పోత ఇనుము పగుళ్లిస్తుంది. అందుకే పైసా ఖర్చు పెట్టేముందు బ్లాకును పరీక్షించాలని యజమాని కూతురు పట్టుబట్టింది. ఖాళీ బ్లాకును పూర్తిగా కడిగి, అయస్కాంతపు పరికరం తాకించి, మెరిసే గుణమున్న ఇనుప పొడి కలిపిన ద్రవం చల్లి, దీపాలార్పి, అతినీలలోహిత కాంతిలో చూపించింది. పగులు ఉన్నచోట పొడి గుమికూడి పచ్చగా ఒక వెంట్రుకలా మెరిసింది. నా బ్లాకులో రెండు చోట్ల అలా కనిపించింది. హెడ్డు బోల్టు రంధ్రం నుంచి నీటిదారి వైపు సాగినది ఒకటి, దానివల్ల పెద్ద ప్రమాదం లేదు. రెండవది వాల్వు సీటు వైపు సాగింది, దాన్ని వదిలేయడానికి వీల్లేదు. పోత ఇనుముకు వేడి తగిలించి వెల్డింగ్ చేస్తే కొత్త పగుళ్లు పుట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి, పగులు పొడవునా ఒకదానినొకటి పట్టుకునేలా మరల మేకులు బిగించి కుట్టే చల్లని పద్ధతిని ఎంచుకున్నారు. ఆ తరువాత నీటి ఒత్తిడితో పరీక్షించి, చుక్క కారకపోవడం నా కళ్లముందే చూపించారు.

వేడి సమస్య గురించి మరొక మాట. బ్లాకు నీటిదారుల్లో నుంచి వారు తవ్వి తీసిన చెత్తను ఒక పళ్లెంలో పోసి చూపించారు. తుప్పు పెచ్చులతో పాటు, పోత పోసేటప్పుడు కర్మాగారంలో లోపల మిగిలిపోయిన ఇసుక, ఆ ఇసుక అచ్చును నిలబెట్టడానికి వాడిన తీగముక్కలు కూడా అందులో ఉన్నాయి. ఇన్ని దశాబ్దాలుగా నీటిదారి ఇరుకై ఉన్నదన్నమాట. చాలామంది పెద్ద రేడియేటరు, విద్యుత్ ఫ్యాను కొని తలపట్టుకునే ఈ సమస్యకు, సగం మందు ఓపికగా శుభ్రం చేయడంలోనే ఉందని వీరి నమ్మకం. నా బండి విషయంలో అది నిజమైంది. సిలిండర్లను 3 అంగుళాల 5/16 వంతుకు బోరింగ్ చేసి, ఫోర్డ్ వారి మెర్క్యురీ కార్లలోని, 4 అంగుళాల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఉన్న క్రాంక్‌షాఫ్టు వేయడంతో ఇంజను పరిమాణం 276 ఘనపు అంగుళాలైంది. ఇది యుద్ధానంతర హాట్ రాడ్ కుర్రవాళ్లకు కంఠతా వచ్చిన లెక్క. రెండు స్ట్రోమ్‌బర్గ్ 97 కార్బరేటర్లను పూర్తిగా విప్పి, కొత్త జెట్లు వేసి కూర్చారు. వీటికి తోడు ఇంజనులోకి గాలిని బలంగా నెట్టే సూపర్‌చార్జరు కూడా వేయమని నేను అడిగితే, ఈ పాత బ్లాకు గోడలకు అంత భారం మంచిది కాదని, డబ్బు వస్తుందని తెలిసి కూడా వద్దన్నారు. వారి మీద నాకు నమ్మకం కుదిరింది ఆ రోజే.

రేకుపనిలో నేను ఎక్కువసేపు నిలబడి చూసింది సీసం పూసే విధానం. బాడీ వెనుక మూలన కుళ్లిన భాగాన్ని కోసి, కొత్త రేకును సుత్తితో వంపు తెచ్చి, వెల్డింగ్‌తో అతికాక, అతుకు దగ్గర మిగిలే పల్లాన్ని ఈనాటి టింకర్లు పుట్టీతో నింపుతారు. వీరు 1940ల పద్ధతిలో సీసంతో నింపుతారు. ముందు రేకును తెల్లగా మెరిసేదాకా శుభ్రం చేసి, తగరం పూత వేసి తుడుస్తారు. ఆ పూత సరిగా పట్టకపోతే సీసం నిలవదు. ఆ తరువాత 70 పాళ్లు సీసం, 30 పాళ్లు తగరం కలిసిన కడ్డీని మంటతో మెత్తబరుస్తారు. ఈ మిశ్రమం ఒక్కసారిగా కరిగి నీరైపోదు. 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడడం మొదలుపెట్టి, సుమారు 250 డిగ్రీల దాకా వెన్నముద్దలా సాగుతుంది. ఆ కొద్దిపాటి వ్యవధిలోనే, తేనెమైనం పట్టించిన చెక్కతెడ్డుతో దాన్ని రేకు మీద సర్దాలి. మంట కొంచెం ఎక్కువైతే మొత్తం జారి నేలపాలవుతుంది, తక్కువైతే రవ్వరవ్వగా విరుగుతుంది. నిపుణుడి ఎడమచేతిలో మంట నిమిషానికి పదిసార్లు దగ్గరకూ దూరానికీ జరుగుతూనే ఉంది, కుడిచేతిలోని తెడ్డు మాత్రం ఒకే వేగంతో నడిచింది. చల్లారాక వంపుపళ్ల ఆకురాయితో అరగదీస్తారు తప్ప ఉప్పుకాగితం వాడరు, ఎందుకంటే సీసపు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. రాలిన పొట్టునంతా ఏరి డబ్బాలో మూతపెట్టి ఉంచారు. చివరగా తగరం పూతకు వాడిన ఆమ్లం జాడ మిగలకుండా కడిగారు. ఆ కడుగుడు సరిగా లేకపోతే కొన్ని నెలలకు రంగు కింద పొక్కులు వస్తాయి. ఈ పద్ధతికి పుట్టీ పనికంటే ఎన్నోరెట్లు సమయం పడుతుంది, బిల్లు కూడా అలాగే పెరుగుతుంది. తలుపు మూసినప్పుడు వచ్చే బరువైన శబ్దం వింటే ఆ ఖర్చు మీద నాకు ఫిర్యాదు లేదు.

పాత పనిని ఎంతవరకు కాపాడాలి అన్న విషయంలో వీరికి ఒక స్పష్టమైన హద్దు ఉంది. భద్రతతో సంబంధం లేని చోట మొదటి మనిషి చేతిని చెరపరు. సంబంధం ఉన్న చోట మొహమాటపడరు. ఉదాహరణకు డ్యాష్‌బోర్డులో మీటర్ల కోసం ఆ తొలి యజమాని చేత్తో కోసిన రంధ్రాలు పూర్తి గుండ్రంగా లేవు. వాటిని సరిచేయడం అరగంట పని, అయినా సరిచేయలేదు. చట్రం కింద షాక్ అబ్సార్బరు కోసం ఆయన అతికిన పట్టీ వెల్డింగ్ మాత్రం పైపైనే పట్టుకుని ఉండడంతో, ఆకారం అలాగే ఉంచి, అతుకును పూర్తిగా రుద్ది కొత్తగా వెల్డింగ్ చేశారు. బ్రేకుల దగ్గర వారు మరింత కచ్చితంగా ఉన్నారు. ఫోర్డ్ కార్లకు 1938 దాకా యాంత్రిక బ్రేకులే ఉండేవి, 1939లో హైడ్రాలిక్ బ్రేకులు వచ్చాయి. ఆనాటి కుర్రవాళ్లు పాత బండ్లకు ఆ కొత్త బ్రేకులు మార్చుకోవడం సర్వసాధారణం. నా బండికీ అవే ఉన్నాయి. అయితే ఆ కాలపు మాస్టర్ సిలిండరులో, అంటే పెడల్ నొక్కగానే బ్రేకు ద్రవాన్ని చక్రాలకు నెట్టే భాగంలో, ఒకే గది ఉంటుంది, ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. అందువల్ల నేలపలక కింద, బయటికి కనిపించనిచోట, రెండు గదుల సిలిండరు బిగించాల్సిందేనని, లేకపోతే బండిని తమ షెడ్డు నుంచి రోడ్డు మీదికి పంపలేమని యజమాని తేల్చి చెప్పారు. పోటీ ప్రదర్శనల్లో దీనికి మార్కులు తగ్గవచ్చు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని నడిపే బండికి ఆ మార్కులు నాకు అక్కర్లేదు. స్టీరింగు బాక్సు కూడా అరిగిపోయి ఉండడంతో, హాట్ రాడ్ వాళ్లు ఎప్పటినుంచో నమ్మే ఫోర్డ్ ఎఫ్-1 ట్రక్కు బాక్సును వేశారు.

విద్యుత్తు విషయంలో నేను 12 వోల్టులకు మార్చమని అడిగాను. వారు 6 వోల్టులే ఉంచుదామని నచ్చజెప్పారు. ఫోర్డ్ కార్లు 1955 దాకా 6 వోల్టుల మీదే నడిచాయి. అదే శక్తికి 6 వోల్టుల వద్ద రెట్టింపు కరెంటు పారాలి కనుక కేబుళ్లు లావుగా ఉండాలి, ఎర్తింగు అతుకులు తుప్పు లేకుండా ఉండాలి. విడిభాగాల కొట్టులో దొరికే 12 వోల్టుల సన్నని కేబుళ్లు వేసి, బండి స్టార్ట్ కావడం లేదని వోల్టేజీని తిట్టేవారే ఎక్కువని యజమాని వివరించారు. లావు కేబుళ్లు వేసి, చట్రానికీ ఇంజనుకూ విడిగా ఎర్తింగు ఇచ్చాక, ఇంజను వేడిగా ఉన్నప్పుడు కూడా స్టార్టరు తడబడలేదు.

ఇక లోపాలు. సీట్ల పని వర్క్‌షాప్ స్వయంగా చేయదు, బయట ఒకరికి ఇస్తుంది. ఆ కుట్టు వంకరగా వచ్చింది, డ్రైవరు సీటు అంచున మడతలు పడ్డాయి. చెప్పగానే తిరిగి చేయించారు, అదనంగా డబ్బు అడగలేదు, కానీ తమ షెడ్డు పనికి పెట్టే పరీక్షను బయటి పనికి ముందే పెట్టి ఉండాల్సింది. ఫోను చేస్తే ఎత్తరు. ఈమెయిలుకు జవాబు వారానికి గానీ రాదు. అన్నిటికంటే ముఖ్యమైనది గడువు. మొదట చెప్పిన సమయం దాటి చాలా కాలం పట్టింది. బ్లాకు పగులు ఎవరూ ముందు ఊహించలేనిదే, దానికి వారిని తప్పుపట్టను. కానీ మధ్యలో మరొకరి బండిని పొమోనాలో జరిగే గ్రాండ్ నేషనల్ రోడ్‌స్టర్ షోకు సిద్ధం చేయడం కోసం నా బండిని మూలన పెట్టారు, ఆ సంగతి నేను వెళ్లి చూసి అడిగేదాకా చెప్పలేదు. ముందే ఒక మాట చెప్పి ఉంటే నేను కాదనేవాణ్ని కాదు.

డబ్బు లెక్కల్లో మాత్రం వేలెత్తి చూపడానికి లేదు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం మరమ్మతు చేసేవారు పని మొదలుపెట్టేముందు రాతపూర్వకంగా అంచనా ఇవ్వాలి, వాహనదారుడి అనుమతి లేకుండా దానికి మించి వసూలు చేయకూడదు. తీసేసిన పాత భాగాలు కావాలని పని అప్పగించేటప్పుడే అడిగితే తిరిగి ఇవ్వాలి. ఈ మూడూ వారు అక్షరాలా పాటించారు. పాత పిస్టన్లు, బేరింగులు, పనికిరాని స్టీరింగు బాక్సు అన్నీ పేర్లు రాసిన పెట్టెల్లో నాకు అందాయి. ప్రతి దశలో తీసిన ఫోటోలను బిల్లులోని ఒక్కో పద్దుకు జతచేశారు. గంట కూలి వంద డాలర్ల పైనే, మొత్తం ఖర్చు ఒక కొత్త పికప్ ట్రక్కు ధరను దాటింది. అదే సొమ్ముకు కొత్తగా అచ్చొత్తిన స్టీలు బాడీ, కొత్త చట్రం, నేటి షెవర్లే ఇంజను కొనుక్కుని, ఏసీతో సహా, ఎక్కడికైనా నిశ్చింతగా తిరిగే బండి కట్టించుకోవచ్చు. అందులో తప్పేమీ లేదు. రోజూ నడపాలనుకునేవారికి అదే సరైన దారి. పాత ఇనుము, దాని మీద మనకు తెలియని ఒక మనిషి చేతిపని చేతికి వచ్చినప్పుడే ఇలాంటి షెడ్డు అవసరం.

మనవాళ్లకు ఈ పని కొత్త కాదని ఒక మాట చెప్పకుండా ఉండలేను. విజయవాడ ఆటోనగర్‌లో లారీ క్యాబిన్‌ను కేవలం రేకు, కోణపు ఇనుము, సుత్తితో కట్టే టింకర్లను, కమాన్ కట్టలను కొలిమిలో కాల్చి వంపు సరిచేసేవారిని చూస్తూ పెరిగినవాణ్ని నేను. సీసం పనిని చూపిస్తున్నప్పుడు రేకుపని నిపుణుడికి ఆ సంగతి చెబితే, గ్యాస్ మంటతో రేకును ముడిచి ఉబ్బును దించే పద్ధతి అక్కడ ఎలా చేస్తారని వివరంగా అడిగి తెలుసుకున్నాడు. అయితే ఇలాంటి బండిని ఇండియాకు తీసుకెళ్లి వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చా అని అడిగే మిత్రులకు నా సమాధానం కుదరదనే. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనాలకు వీఏ అన్న అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. అయితే చట్రం, బాడీ, ఇంజను మారకుండా అసలు రూపంలోనే ఉండాలన్నది అందులో ప్రధాన షరతు. ఒక కారు బాడీని ఇంకొక కారు చట్రం మీద పెట్టిన హాట్ రాడ్ ఆ నిర్వచనంలో ఇమడదు. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందరి మోడల్ పెట్రోలు కార్లకు పొగ పరీక్ష నుంచి మినహాయింపు ఉండడం ఇలాంటి బండ్లు ఇక్కడ రోడ్ల మీద బతికి ఉండడానికి ఒక పెద్ద ఆధారం.

బండి చేతికి వచ్చాక పొమోనా నుంచి శాన్ గాబ్రియేల్ కొండల దిగువ రోడ్ల మీద, ఎండాకాలం మధ్యాహ్నాల్లో కూడా నడిపాను. నీటి ఉష్ణోగ్రత ముల్లు ఎక్కుబాటులో కొంచెం పైకి లేచి, చదును రోడ్డు రాగానే తన చోటికి వచ్చింది. మూడో గేరులోనే మెల్లగా వెళుతూ యాక్సిలరేటరు తొక్కినా ఇంజను కుదుపు లేకుండా లాగుతుంది. ముందు వెనుకలు అడ్డంగా ఉండే ఒక్కొక్క కమాన్ కట్ట మీదే బండి నిలుస్తుంది కాబట్టి గతుకుల్లో కుదుపు తప్పదు, దాన్ని వర్క్‌షాప్ లోపంగా లెక్కించకూడదు. రంగులో మాత్రం, నల్లని లక్క రంగు వేసి చేత్తో రుద్దిన మెరుపు నేటి క్లియర్‌కోటులా (రంగు మీద వేసే పారదర్శక పూత) కళ్లు జిగేలుమనిపించదు. దగ్గరగా చూస్తే లోతుగా, మెత్తగా కనిపిస్తుంది. ఎండలో వదిలేస్తే త్వరగా వెలిసే గుణం దీనికి ఉంది కనుక నీడలో పెట్టుకునే వసతి లేనివారు ఈ రంగు అడగకపోవడం మంచిది.

వెళ్లదలచుకున్నవారు ముందుగా బండి ఫోటోలు, చట్రం నంబరు, యాజమాన్య పత్రం నకలుతో ఈమెయిలు పంపాలి, జవాబు రాకపోతే శనివారం ఉదయం నేరుగా షెడ్డుకు వెళ్లడం ఉత్తమం, ఆ సమయంలో యజమాని తీరిగ్గా మాట్లాడతారు. చిరునామా కావలసినవారు నన్ను విడిగా అడిగితే, ఆయన అనుమతి తీసుకుని ఇస్తాను. పని అప్పగించేటప్పుడు మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి: బండిని ఏ కాలపు రూపానికి తేవాలో, బయటివారికి ఇచ్చే పనులు ఏవో, పని ఆగిన ప్రతిసారీ ఎన్ని రోజుల్లోగా మీకు తెలియజేస్తారో. ఆ మూడవది నేను చెప్పాక వారు తమ అంచనా పత్రంలో చేర్చుకున్నారు. ప్రస్తుతం కొత్త బండ్లకు నిరీక్షణ ఏడాది దాటి ఉంది, ఇంజను పని మాత్రమే కావలసినవారికి అంతకంటే ముందే వీలవుతుందని యజమాని కూతురు చెప్పింది.